‘సత’ శబ్దం మీద సిద్ధాంతం నిలవదు: ఫిన్నో-ఉగ్రిక్ భాషా పరిచయం, ఒక భ్రాంతి నిరాకరణం

ఫిన్లాండ్ ప్రజలు నూరు సంఖ్యను ‘సత’ అంటారు. సుత్తిని ‘వసర’ అంటారు. మొదటిది శతం, రెండవది వజ్రం అని గుర్తించిన క్షణంలోనే కొందరు ఆస్తికులు పులకితగాత్రులై, ఉత్తరధ్రువ సమీపంలోని భాష సైతం సంస్కృతపుత్రికయేనని, సమస్త ప్రపంచభాషలకూ గీర్వాణవాణియే జననియని ఘోషిస్తున్నారు. ఉపన్యాసవేదికల మీద, భక్తబృందాలలో చేతులు మారే సందేశాలలో ఈ వాదం నిర్విఘ్నంగా సంచరిస్తోంది. శ్రోతలలో ఫిన్నిష్ వ్యాకరణం చూసినవారు అరుదు గనుక ఎవరికీ ప్రశ్న పుట్టదు, వక్తకు ఉత్తరం చెప్పే అవసరమూ కలగదు.

ఈ వాదం అసత్యం. అంతకంటె శోచనీయమైన విషయం ఒకటున్నది. ప్రమాణశాస్త్రాన్ని లోకానికి అందించిన సంప్రదాయం పేరు చెప్పుకొని, ఆ శాస్త్రం నిషేధించిన హేత్వాభాసాన్నే ఇది ఆశ్రయిస్తోంది. సంస్కృతం మీది గౌరవమే ఈ వాదాన్ని పరీక్షించమని కోరుతుంది. పరీక్షకు ముందు ఆ భాషలు ఏవో, వాటి స్వరూపం ఏమిటో తెలియాలి.

ఈ భాషలు ఏవి?

ఫిన్నో-ఉగ్రిక్ అనేది ఒక భాషాకుటుంబం. ఇందులో అత్యధిక జనులు మాట్లాడేది హంగేరియన్, దానిని మాతృభాషగా గలవారు కోటికి పైబడినవారు. ఫిన్నిష్ మాట్లాడేవారు సుమారు 50 లక్షలు, ఎస్టోనియన్ మాట్లాడేవారు సుమారు 10 లక్షలు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల ఉత్తరసీమలలో, రష్యాలోని కోలా ద్వీపకల్పంలో సామీ భాషలున్నాయి. రష్యాలోని వోల్గా, కామా నదుల పరిసరాలలో ఎర్జ్యా, మోక్ష, మారీ, ఉద్ముర్త్ భాషలు, వాటికి ఉత్తరంగా కోమీ భాష వ్యవహారంలో ఉన్నాయి. ఉరల్ పర్వతాలకు ఆవల, పశ్చిమ సైబీరియాలోని ఓబ్ నదీప్రాంతంలో ఖాంతీ, మాన్సీ భాషలు స్వల్పసంఖ్యాక జనుల నాలుకల మీద జీవిస్తున్నాయి. మధ్య ఐరోపాలోని హంగేరియన్‌కు అత్యంత సమీప బంధువులు ఈ రెండు సైబీరియా భాషలే. సమోయెద్ శాఖను కూడా కలుపుకొంటే మొత్తం కుటుంబానికి ఉరాలిక్ అని పేరు. ఐరోపాలో నివసిస్తూ కూడా ఈ భాషలు సంస్కృతం, గ్రీకు, లాటిన్, రష్యన్, ఆంగ్లం చేరిన ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందవు.

వ్యాకరణ స్వరూపం

ఈ భాషలలో లింగభేదం లేదు. ఫిన్నిష్‌లో ‘హ్యాన్’ అన్నా, హంగేరియన్‌లో ‘ఓ’ అన్నా అతడు, ఆమె ఇద్దరూ బోధపడతారు. సంస్కృతంలో ప్రతి నామమూ పుంలింగమో, స్త్రీలింగమో, నపుంసకమో కావలసిందే. విశేషణం, అనేక సర్వనామాలు, కొన్ని సంఖ్యావాచకాలు తదనుసారంగా మారవలసిందే. సంస్కృత వ్యాకరణానికి అస్థి వంటిదైన ఈ వ్యవస్థ యొక్క చిహ్నమైనా అక్కడ కనబడదు.

విభక్తుల సంఖ్య పాఠకుని ఆశ్చర్యపరుస్తుంది. ఫిన్నిష్‌లో 15, ఎస్టోనియన్‌లో 14, సాధారణ గణన ప్రకారం హంగేరియన్‌లో 18. ఫిన్నిష్‌లో ‘తలొ’ అంటే ఇల్లు. ‘తలొస్స’ ఇంటిలో, ‘తలొస్త’ ఇంటిలోనుండి, ‘తలోన్’ ఇంటిలోనికి. ‘తలొల్ల’ ఇంటివద్ద, ‘తలొల్త’ ఇంటివద్దనుండి, ‘తలొల్లె’ ఇంటివద్దకు. ఇల్లు లేకుండా అనడానికి ‘తలొత్త’. సంస్కృతంలో సప్తమి, పంచమి, ద్వితీయ పంచుకొనే పనిని ఇక్కడ ఆరు విభక్తులు లోపలి స్థానం, వెలుపలి స్థానం అనే విభజనతో నిర్వహిస్తాయి.

ప్రకృతికి ప్రత్యయాలు ఒకదాని వెంట ఒకటి అతుక్కుంటాయి. ‘నా ఇంటిలో’ అనడానికి ఫిన్నిష్‌లో ‘తలొస్సని’. ఇందులో ‘స్స’ అధికరణాన్ని, ‘ని’ నాది అనే స్వామిత్వాన్ని తెలుపుతాయి. హంగేరియన్‌లో అదే అర్థానికి ‘హాజమ్‌బన్’. ఇక్కడ స్వామిత్వవాచకమైన ‘అమ్’ ముందు వచ్చి, అధికరణవాచకమైన ‘బన్’ తరువాత వస్తుంది. ప్రకృతిలోని అచ్చును బట్టి ప్రత్యయంలోని అచ్చు మారడం ఇంకొక లక్షణం. ‘హాజ్’ అనే ఇంటికి ‘బన్’ చేరితే, ‘కెర్త్’ అనే తోటకు ‘బెన్’ చేరుతుంది.

ఫిన్నిష్‌లో కర్మపదం యొక్క విభక్తి క్రియ పూర్తయినదా లేదా అన్న విషయాన్ని సైతం చెబుతుంది. ‘లుఎన్ కిర్యన్’ అంటే పుస్తకాన్ని సంపూర్ణంగా చదవడం. ‘లుఎన్ కిర్యా’ అంటే చదువుతూ ఉండడం. క్రియాపదం ఒకటే, భేదమంతా నామవిభక్తిలో ఉన్నది. హంగేరియన్ మరొక మార్గం తీసుకున్నది. ఏదో ఒకదానిని చూస్తున్నాను అంటే ‘లాతొక్’, నిర్దిష్టమైన దానిని చూస్తున్నాను అంటే ‘లాతొమ్’. కర్మ నిర్దిష్టమా కాదా అన్నదానిని అక్కడ క్రియాప్రత్యయమే ప్రకటిస్తుంది. పాణినీయం చదివినవాడు ఈ రచనను చూసి ఆనందిస్తాడు. అయితే ఇది పాణిని వర్ణించిన భాష కాదని కూడా ఆ క్షణంలోనే గ్రహిస్తాడు.

బంధుత్వం ఎలా సిద్ధిస్తుంది?

రెండు భాషలు ఒకే మూలం నుండి పుట్టాయని నిరూపించడానికి రెండు సాధనాలున్నాయి. మొదటిది నియతమైన ధ్వనిపరివర్తనం. ఫిన్నిష్‌లో చేప ‘కల’, హంగేరియన్‌లో ‘హల్’. మూడు ‘కొల్మె’, అక్కడ ‘హారొమ్’. గుడిసె ‘కొత’, అక్కడ ఇల్లు ‘హాజ్’. అ, ఒ వంటి అచ్చులకు ముందున్న కకారం హంగేరియన్‌లో హకారమైంది. మరి చేయి అనే అర్థంలో ‘క్యాసి’, ‘కేజ్’ అని రెండింటా కకారమే ఎందుకున్నది? ఇ, ఎ వంటి అచ్చులకు ముందు కకారం మారదు గనుక. రాయి అనే అర్థంలోని ‘కివి’, ‘కో’ శబ్దాలదీ ఇదే తీరు. అలాగే పదాదిలోని పకారం ఫకారమైంది: తల ‘ప్యా’, అక్కడ ‘ఫెయ్’. గూడు ‘పెస్యా’, అక్కడ ‘ఫేసెక్’. చెట్టు ‘పూ’, అక్కడ ‘ఫ’.

ఫిన్నిష్ ‘పూ’ శబ్దం వినగానే తెలుగువాడికి పువ్వు స్ఫురిస్తుంది. ‘కల’ వినగానే స్వప్నమో, సంస్కృతంలోని కళయో స్ఫురిస్తుంది. అక్కడ అవి చెట్టు, చేప. చెవికి వినబడే సామ్యం ఇంత దుర్బలమైన సాక్షి. ‘కల’, ‘హారొమ్’ ఒకదానినొకటి పోలవు. అయినా మొదటి దానికి ‘హల్’తో, రెండవ దానికి ‘కొల్మె’తో బంధుత్వం నియమబద్ధంగా సిద్ధిస్తుంది. సామ్యం లేనిచోట నియమం ఉండవచ్చు, నియమం లేనిచోట సామ్యం ఉండవచ్చు. ప్రమాణం నియమానిదే.

రెండవ సాధనం వ్యాకరణరూపాల ఏకమూలత. ఫిన్నిష్‌లో ‘కాదు, లేదు’ అనే నిషేధం ఒక క్రియ. అది పురుషభేదాన్ని అనుసరించి ఉత్తమపురుషలో ‘ఎన్’, మధ్యమలో ‘ఎత్’, ప్రథమలో ‘ఎయ్’ అవుతుంది. ఉత్తర సామీ భాషలో అవే రూపాలు ‘ఇన్’, ‘ఇత్’, ‘ఈ’. ఒక జాతి మరొక జాతి నుండి సుత్తి పేరును స్వీకరిస్తుంది, తేనె పేరును స్వీకరిస్తుంది. నిషేధక్రియ యొక్క సమస్త పురుషరూపాలను వరుసగా అరువు తెచ్చుకోవడం లోకంలో సాధారణంగా కనబడదు. కనుక ఇటువంటి సాక్ష్యానికి బలం ఎక్కువ.

హేత్వాభాస నిరూపణం

ఇప్పుడు పూర్వపక్షాన్ని పరీక్షించవచ్చు. ‘ఫిన్నిష్ సంస్కృతజన్యం, అందులో శతశబ్దసదృశమైన పదం ఉన్నది గనుక’ అనేది అనుమానం. ఈ హేతువు సాధ్యం ఉన్నచోటా ఉంటుంది, లేనిచోటా ఉంటుంది. న్యాయశాస్త్రంలో దీనికి సవ్యభిచారం అని పేరు. ‘రైలు స్టేషనుకు వచ్చింది’ అనే తెలుగు వాక్యంలో రెండు నామాలూ ఆంగ్లభవాలే. అంతమాత్రాన తెలుగు ఆంగ్లపుత్రిక అనే సాహసం ఎవరూ చేయరు. ‘కు’ అనే విభక్తి, ‘వచ్చింది’ అనే క్రియ ఆ వాక్యం ఎవరి సొత్తో తేల్చిచెబుతాయి. తెలుగు లాక్షణికులు తత్సమ, తద్భవ, దేశ్యవిభాగం చేసినది ఈ వివేకంతోనే. పదం ఎక్కడి నుండి వచ్చిందన్నది ఒక ప్రశ్న, భాష ఎక్కడి నుండి వచ్చిందన్నది వేరొక ప్రశ్న.

‘సత’ కూడా ఫిన్నిష్ వాక్యంలో ఫిన్నిష్ శాసనానికే లోబడుతుంది. నూరు ఇళ్లు అనడానికి ‘సత తలొఅ’ అంటారు. సంఖ్య తరువాతి నామం ఏకవచనంలో, అంశాన్ని తెలిపే ప్రత్యేక విభక్తిలో నిలుస్తుంది. హంగేరియన్‌లో ‘సాజ్ హాజ్’, అక్కడా నామం ఏకవచనమే. శతశబ్దం వెళ్లింది గాని, దాని వెంట సంస్కృత వ్యాకరణం వెళ్లలేదు.

ఈ పదం ప్రయాణచరిత్ర కూడా సుస్పష్టమే. ఫిన్నిష్‌లో ‘సత’, హంగేరియన్‌లో ‘సాజ్’. నీరు అనే అర్థంలో ఫిన్నిష్ ప్రాతిపదిక ‘వెతె’, హంగేరియన్ ‘వీజ్’. రెండు అచ్చుల నడుమనున్న తకారం హంగేరియన్‌లో జకారమయ్యే ఈ నియమానికి శతశబ్దమూ లోబడింది. అనగా రెండు శాఖలు వేరుపడక పూర్వమే, వాటి ఉమ్మడి పూర్వభాషలోనికి అది ప్రవేశించింది. ఇచ్చినవారు ఇండో-ఇరానియన్ భాషలు మాట్లాడిన ప్రాచీన జనులు, పుచ్చుకున్నవారు వారి ఉత్తరదిక్కున నివసించిన అరణ్యవాసులు. వేయి సంఖ్య దగ్గర మార్గాలు వేరయ్యాయి. హంగేరియన్ ‘ఎజెర్’ ఇరానియన్ భాషల నుండి వచ్చింది. ఫిన్నిష్ ‘తుహత్’ బాల్టిక్ మూలానికి చెందినది. పుట్టుకతో సంక్రమించిన సంఖ్యావాచకాలైతే ఇలా మూలకు ఒకటిగా చెదరవు.

సవ్యభిచారంతో దోషం ముగియలేదు. అదే హేతువర్గం సాధ్యానికి విపరీతమైన దానిని సాధిస్తోంది. తేనెను ఫిన్నిష్‌లో ‘మెసి’ అంటారు, దాని ప్రాతిపదిక ‘మెతె’. హంగేరియన్‌లో ‘మేజ్’. మధుశబ్దబంధువు ఇదేనని చూడగానే తెలుస్తుంది. కాని సంస్కృతంలో అకారం ఉన్నచోట ఇక్కడ ఎకారం ఉన్నది. గ్రీకు ‘మెథు’లోనూ ఎకారమే. ఇండో-ఇరానియన్ శాఖలో ప్రాచీన ఎకారం అకారంగా మారిన తరువాతనే సంస్కృతానికి నేటి రూపం ఏర్పడింది. ‘మెతె’ ఆ మార్పుకు పూర్వమే ఉత్తరానికి చేరిన పదం. సంస్కృతం సంస్కృతంగా రూపొందక ముందే చేరిన పదాన్ని చూపి, ఆ భాష సంస్కృతం నుండి పుట్టిందనడం విరుద్ధహేతువుకు చక్కని ఉదాహరణం.

ఇక మూడవ పదం ఒకటున్నది. దానిని ఉపన్యాసకులు ఉచ్చరించరు. ఫిన్నిష్‌లో బానిసను ‘ఒర్య’ అంటారు. ఇది ఆర్యశబ్దం నుండి వచ్చినదేనని అధికసంఖ్యాక భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. యుద్ధాలలో చిక్కిన పరజాతీయులను వారి జాతినామంతోనే పిలవడం, ఆ నామం క్రమంగా దాసవాచకం కావడం లోకవిరుద్ధం కాదు. ఆంగ్లంలో దాసుణ్ణి చెప్పే ‘స్లేవ్’ శబ్దం స్లావ్ జాతినామం నుండి అలాగే ఏర్పడింది. ‘సత’, ‘వసర’ శబ్దాలను విజయధ్వజాలుగా ఎత్తేవారు ‘ఒర్య’ దగ్గర మౌనం వహించడం న్యాయమా? ఒకే సాక్షి చెప్పిన మూడు మాటలలో రెండు స్వీకరించి ఒకటి త్రోసిపుచ్చడం జల్పమో వితండమో అవుతుంది, వాదం కాజాలదు. ఆ మూడు పదాలూ కలిసి చెప్పే సత్యం ఇంతే: ఒకానొక కాలంలో రెండు జాతులు ఇరుగుపొరుగున జీవించాయి, వస్తువులు మార్చుకున్నాయి, కలహించాయి, మాటలు ఇచ్చిపుచ్చుకున్నాయి. ఆ సత్యం చిన్నదేమీ కాదు.

తెలుగువారి ప్రత్యేక భ్రమ

మరొక వర్గం దీనికి ప్రతిగా వేరొక పొరపాటు చేస్తుంది. ఫిన్నిష్, హంగేరియన్ భాషల రచన తెలుగును పోలి ఉన్నది గనుక అవి ద్రావిడభాషల సోదరీమణులంటుంది. సామ్యం కనబడేమాట నిజమే. ‘నాకు ఇల్లు ఉన్నది’ అనే అర్థాన్ని హంగేరియన్‌లో ‘నెకెమ్ వన్ హాజమ్’ అంటారు, ‘నెకెమ్’ అంటే నాకు. ఫిన్నిష్‌లోని ఎన్, ఎత్, ఎయ్ రూపాలకు తెలుగులోని కాను, కావు, కాడు రూపాలు తోడుగా నిలుస్తాయి. ‘హరికి’, ‘గురువుకు’ అన్నప్పుడు ప్రత్యయంలోని అచ్చు మారడం ‘బన్’, ‘బెన్’ భేదాన్ని గుర్తుచేస్తుంది. ఈ సామ్యాలను చూసే రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ప్రకటించిన ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణంలో, తాను సిథియన్ అని వ్యవహరించిన వర్గంతో, విశేషించి ఫిన్నిష్ శాఖతో, ద్రావిడభాషలకు సంబంధాన్ని ఊహించాడు. 1940ల దశకంలో థామస్ బరో మళ్లీ ఆ దిశగా పదాలను పోల్చాడు.

ఆ ఊహను నేటి భాషాశాస్త్రజ్ఞులలో అత్యధికులు అంగీకరించరు. కారణం పైన చెప్పినదే. ప్రత్యయాలు అతుక్కొనే పద్ధతి తుర్కీ, జపనీస్ వంటి భాషలలోనూ ఉన్నది. అచ్చులు ఒకదానికొకటి అనుగుణంగా మారడం అనేకచోట్ల ఉన్నది. ద్వివచనం సామీ, ఖాంతీ, మాన్సీ భాషలలోనూ సంస్కృతంలోనూ ఉన్నది. అంతమాత్రాన అవి సంస్కృతానికి తోబుట్టువులు కావు. నిర్మాణసామ్యం స్వభావాన్ని చెబుతుంది, వంశాన్ని చెప్పదు. సంస్కృతాభిమానికి వర్తించిన దండం తెలుగు అభిమానికీ వర్తించవలసిందే.

ఈ రెండు వాదాల వెనుక ఒకే వాసన దాగి ఉన్నది. భాషకు గౌరవం దాని వంశాన్ని బట్టి వస్తుందనే వాసన. 19వ శతాబ్దిలో ఔగుస్త్ ష్లైఖర్ భాషలను మూడు దశలుగా విభజించి, ప్రత్యయాలు అతికే భాషలను నడిమి మెట్టు మీద, సంస్కృతం, గ్రీకుల వంటి వాటిని పై మెట్టు మీద నిలిపాడు. ఫిన్నిష్, తెలుగు రెండూ ఆ నడిమి మెట్టుకే పరిమితమయ్యాయి. ‘అన్నీ సంస్కృతపు వికృతరూపాలే’ అనే భక్తుడు తాను ద్వేషించే ఆ పాశ్చాత్య సోపానాన్నే అజ్ఞానవశాత్తు మళ్లీ ఎక్కుతున్నాడు.

‘ఇది వలసపాలకుల కుట్ర’ అనే ఆక్షేపం

తులనాత్మక భాషాశాస్త్రమంతా సామ్రాజ్యవాదుల కల్పన అనే ఆక్షేపం చివరికి వినబడుతుంది. ఫిన్నో-ఉగ్రిక్ అధ్యయనచరిత్ర దీనికి తగిన సమాధానం. 1769లో శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటే దృశ్యాన్ని పరిశీలించడానికి హంగరీకి చెందిన జెసూయిట్ యానొష్ షైనొవిచ్ నార్వే ఉత్తరాగ్రంలోని వార్దో ద్వీపానికి వెళ్లాడు. అక్కడ సామీ భాషను విని, అది హంగేరియన్‌కు బంధువని 1770లో గ్రంథం ప్రకటించాడు. 1799లో షామువెల్ జర్మతి అనే వైద్యుడు ఆ బంధుత్వాన్ని వ్యాకరణరూపాల ఆధారంతో నిరూపించాడు. ఫ్రాన్జ్ బొప్ సంస్కృతక్రియారూపాలను గ్రీకు, లాటిన్‌లతో పోల్చిన గ్రంథం 1816 నాటిది. అంటే ఈ పద్ధతి అంతకు పూర్వమే హంగరీవారి చేతిలో పరిణతి చెందింది.

ఆ నిర్ణయం వల్ల హంగరీకి దక్కిన కీర్తి ఏమిటి? హూణవీరుల సంతానమని గర్వించిన కులీనులకు ఉత్తరసీమలోని జాలరులు, జింకలకాపరులు బంధువులని తేలింది. ‘చేపకంపు కొట్టే చుట్టరికం’ అని వారు పరిహసించారు. 1870, 1880ల దశకాలలో తుర్కీ సంబంధాన్ని సమర్థించిన ఆర్మిన్ వాంబేరికీ, ఉగ్రిక్ పక్షాన నిలిచిన యోజెఫ్ బుదెన్జ్‌కూ మధ్య తీవ్రవాదోపవాదం సాగింది. గర్వం ఓడింది, నియమం గెలిచింది. హంగరీ ప్రజలకు దానివల్ల నష్టమేమీ కలుగలేదు.

షాందొర్ కోరోషి చొమ జీవితం ఇంకా ఉదాత్తమైనది. తన జాతి మూలాన్ని అన్వేషిస్తూ ఆసియాకు వచ్చిన ఆ హంగేరియన్ లదాఖ్, జాన్స్కార్ మఠాలలో కఠోరదారిద్ర్యం అనుభవిస్తూ టిబెటన్ భాషను సాధించి, 1834లో నిఘంటువును, వ్యాకరణాన్ని ప్రకటించాడు. 1842లో డార్జిలింగ్‌లో దేహం చాలించాడు. సంస్కృతరచనకు హంగేరియన్ రచనతో సాదృశ్యం ఉన్నదని ఆయన కూడా విశ్వసించాడు. ఆయన తపస్సును శిరసావహించే పండితులు సైతం ఆ విశ్వాసాన్ని అంగీకరించలేదు. పూజ్యుడి మాట కూడా పరీక్షకు అతీతం కాదని అది చూపుతుంది.

భక్తునికి పోయేదేమిటి?

ఈ వాదాన్ని త్యజిస్తే ఆస్తికుడు కోల్పోయేది ఏమీ లేదు. వేదం అపౌరుషేయమని నమ్మేవానికి ఆ నమ్మకం ఫిన్లాండ్‌లోని సుత్తి పేరు మీద ఆధారపడి లేదు. మంత్రం ఫలిస్తుందని జపించేవానికి హంగేరియన్ సంఖ్యావాచకాల సాక్ష్యం అక్కర లేదు. పాణిని మహత్త్వం ఆయన సూత్రాలలో ఉన్నది, లోకభాషలన్నీ సంస్కృతానికి దాసోహమనడంలో లేదు. ప్రకృతిప్రత్యయ విభాగమనే దృష్టిని అలవరచుకొన్న విద్యార్థి ‘తలొస్సని’ శబ్దాన్ని అనాయాసంగా విడదీయగలడు. ఆ విద్యను లోకానికి చూపడమే నిజమైన సంస్కృతసేవ.

పోయేది లేకపోగా, పట్టుదల వల్ల కలిగే హాని మాత్రం ఉన్నది. అసత్యాన్ని ఆధారం చేసుకొని నిలిపిన శ్రద్ధ, విదేశంలో చదివే యువకుడు ఒక్క వ్యాకరణగ్రంథం తెరిచిన నాడు కూలిపోతుంది. అతడు ఆ ఒక్క మాటనే కాక, దానితోపాటు విన్న తత్త్వబోధను కూడా సందేహిస్తాడు. అంతేకాదు, లాత్వియా తీరంలోని లివోనియన్ భాషకు చివరి మాతృభాషి 2013లో మరణించారు. మాన్సీ వంటి భాషలు అదే అంచున ఉన్నాయి. అటువంటి జాతులతో ‘మీది మా భాష యొక్క అపభ్రంశం’ అనడం వారికి మిగిలిన ఒకే ఒక్క స్వత్వాన్ని మాటతో హరించడమే అవుతుంది. తెలుగును ఎవరైనా ఆ మాట అంటే తెలుగువాడు సహించడు.

జిజ్ఞాసువుకు కర్తవ్యం స్పష్టం. ‘సత’ శబ్దం వినబడినప్పుడు సంతోషించవచ్చు. వేల సంవత్సరాల క్రిందట ఒక జాతి నూరు లెక్కించడానికి పొరుగువారి మాటను స్వీకరించి, దానిని నేటికీ భద్రంగా కాపాడింది. ఆ పదాన్ని చూపి దాయాదిత్వం కోరడం మాత్రం ధర్మం కాదు. ఋణపత్రాన్ని జన్మపత్రికగా చదవరాదు.